ఇరవై సెకన్ల పని, నలభై సెకన్ల చూపు
(హిట్ క్లాసులు చెప్పే ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇప్పటికే జిమ్ముల్లో గ్రూప్ క్లాసులు చెబుతున్నారు. మిగతావాళ్లు రేపోమాపో మొదలుపెడతారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్దాం. హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ క్లాస్, అంటే కాసేపు గట్టిగా చేసి, కాసేపు ఆగి, మళ్లీ చేసే, మనం హిట్ అని పిలుచుకునే క్లాస్ చెప్పాలంటే ఏం తెలిసి ఉండాలి, తెలిసినదాన్ని క్లాసులో ఎలా వాడాలి, ఇదే ఇవాళ్టి మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనుషుల్ని అలసిపోయేలా చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక టైమర్, ఒక స్పీకర్ ఉంటే ఎవరైనా చేస్తారు. ఇరవై మందికీ ఒకే బజర్ మోగుతున్నప్పుడు, ఎవరి గుండెకు తగ్గ కష్టం వాళ్లకి, ఎవరికి సరిపడా విశ్రాంతి వాళ్లకి అందేలా చూడటం, దానికే చదువు కావాలి. మన సర్టిఫికెట్లయినా, మన గొంతయినా, మనం క్లాసులో నిలబడే చోటయినా ఆ ఒక్క పనికి ఎంత పనికొస్తున్నాయన్నదే లెక్క.

తబాటా సంగతి చూడండి. ప్రతి జిమ్ బోర్డు మీదా ఆ పేరుంది. ఇజుమి తబాటా జపాన్ శాస్త్రవేత్త. అక్కడి స్పీడ్ స్కేటింగ్ కోచ్ ఇరిసావా వాడుతున్న పద్ధతిని తీసుకుని పరీక్షించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. ఇరవై సెకన్లు పని, పది సెకన్లు విరామం, ఏడెనిమిది రౌండ్లు. అంతవరకు అందరికీ తెలుసు. అది చేసింది ఎవరు? శారీరక విద్య చదివే కుర్రాళ్లు, వ్యాయామానికి అలవాటుపడ్డవాళ్లు. దేని మీద? కదలకుండా బిగించిన సైకిల్ మీద. అందులో దూకడం లేదు, కింద పడే ప్రమాదం లేదు. ఎంత గట్టిగా? వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, దాని దగ్గర తొక్కే బరువుకు 170 శాతం. అంత గట్టిగా చేస్తే ఏడెనిమిది రౌండ్లకు మనిషి ఇక తొక్కలేడు. నిమిషానికి 90 చుట్లు తొక్కాలి, 85 కంటే పడిపోతే ఆపేయించారు. ఆరు వారాల తర్వాత వాళ్ల అనరోబిక్ సామర్థ్యం, అంటే ఆక్సిజన్ సరిపడా అందకుండానే పనిచేసే శక్తి, 28 శాతం పెరిగింది, వీఓటూ మ్యాక్స్ కూడా పెరిగింది. గంటసేపు ఓ మోస్తరుగా తొక్కిన రెండో గుంపులో వీఓటూ మ్యాక్స్ పెరిగింది కానీ అనరోబిక్ సామర్థ్యం పెరగలేదు.

ఇప్పుడు మన క్లాసుకు రండి. ముప్పై నిమిషాల్లో ఆరు 'తబాటాలు' వరసగా చేయిస్తున్నాం. మొదటిది నిజంగా తబాటా అయి ఉంటే రెండోది మొదలుపెట్టే శక్తి ఉండదు. ఆరూ పూర్తయ్యాయంటే వాళ్లు మధ్యస్థంగా చేస్తున్నారని అర్థం. అందులో తప్పేమీ లేదు, మంచి వ్యాయామమే. కానీ 20:10 అనే గడియారం కొత్తవాళ్లకి పనికిరాదు. పది సెకన్లలో ఊపిరి అందదు. ఊపిరి అందకుండా మొదలైన రౌండులో నడుము వంగిపోతుంది, మోకాళ్లు లోపలికి పడతాయి. కొత్తవాళ్లకి తిరగేసి ఇవ్వండి: ఇరవై సెకన్లు పని, నలభై విరామం. నాలుగైదు వారాలకి 30:30. ఏడాది అనుభవం ఉన్నవాళ్లకే 40:20.

దీనికి పూర్తిగా వేరే పద్ధతి నార్వేలోని ట్రాన్‌హైమ్ నగరంలో ఉన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫోర్ బై ఫోర్. నాలుగు నిమిషాలు గరిష్ఠ గుండె వేగంలో 85 నుంచి 95 శాతం దాకా, తర్వాత మూడు నిమిషాలు మెల్లగా నడక, ఇలా నాలుగు సార్లు. ట్రెడ్‌మిల్ ఎత్తు పెంచి నడిపించినా ఆ వేగం వస్తుంది, దూకక్కర్లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లతో కూడా వైద్యుల పర్యవేక్షణలో చేయించారు. యాభై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మీ క్లాసుకి వస్తే ఈ పద్ధతి గుర్తుంచుకోండి.

ఇక అర్హతల మాట. మన దేశంలో ఫిట్‌నెస్ ట్రైనర్‌కి డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. అందుకే మన బాధ్యత ఇంకా ఎక్కువ. ఇక్కడ నైపుణ్య శిక్షణ వ్యవస్థలో స్పోర్ట్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఫిట్‌నెస్ అండ్ లీజర్ స్కిల్స్ కౌన్సిల్ ఇచ్చే ఫిట్‌నెస్ ట్రైనర్ అర్హత ఉంది. అంతర్జాతీయంగా ఏస్, నాస్మ్, ఏసీఎస్ఎమ్, ఎన్ఎస్‌సీఏ వంటి సంస్థల పరీక్షలున్నాయి. ఏస్ సంగతే తీసుకుంటే పద్దెనిమిదేళ్లు నిండాలి, సీపీఆర్-ఏఈడీ (ఆగిన గుండెకు ఛాతీ నొక్కడం, షాక్ ఇచ్చే యంత్రం వాడటం) సర్టిఫికెట్ ఉండాలి, ప్రతి రెండేళ్లకి ఇరవై గంటల కొనసాగింపు చదువు చూపించి పునరుద్ధరించుకోవాలి. క్రాస్‌ఫిట్ లెవెల్ వన్ రెండు రోజుల కోర్సు, చివర పరీక్ష, ఐదేళ్ల గడువు.

ఏ సర్టిఫికెట్ గొప్పదని అడుగుతారు. నన్నడిగితే మూడు సంగతులు చూడండి. పరీక్ష పర్యవేక్షణలో జరుగుతుందా, లేక ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టడమేనా? ఎదుట మనుషుల్ని పెట్టి క్లాస్ చెప్పించి చూస్తారా? సీపీఆర్ బొమ్మ మీద చేత్తో నేర్పిస్తారా, వీడియో చూపించి సరిపెడతారా? చాలా కోర్సులు రెండో దగ్గరే తేలిపోతాయి. కండరాల పేర్లు బట్టీపట్టి పాసయి, ఇరవై మంది ముందు నిలబడగానే ఎవర్ని చూడాలో తెలియని ట్రైనర్లు అలా తయారవుతున్నారు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చాక కనీసం రెండు నెలలు మరో సీనియర్ క్లాసులో సహాయకులుగా ఉండండి. మైక్ పట్టుకోకుండా ఊరికే వెనక వరస చూసుకోండి. వెనక వరస చూడటం వచ్చినవాళ్లకి ముందు నిలబడటం తేలిక.

క్లాస్ మొదలయ్యేలోపే సగం పని అయిపోవాలి. పార్-క్యూ ప్లస్ అనే ఫారమ్‌లో మొదటి పేజీలో ఏడు ప్రశ్నలుంటాయి: గుండె జబ్బు, బీపీ, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మందులు, ఎముకలూ కీళ్లూ, ఇలా. ఫారమ్ చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. మనవాళ్లు అన్నింటికీ 'లేదు' అని గీసేస్తారు. పక్కన కూర్చుని, "అమ్మా, రోజూ ఏమైనా బిళ్ల వేసుకుంటారా?" అని అడగండి. అప్పుడు బయటపడుతుంది. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే ఆ మందే గుండె వేగాన్ని తగ్గిస్తుంది, చేతి వాచీలో అంకె నమ్మకూడదు. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో తెల్లవారుజామున ఐదున్నర క్లాసుకొస్తే చక్కెర పడిపోవచ్చు. అలాంటివాళ్లు రాగానే చక్కెర చూసుకోవాలి. వంద కంటే తక్కువుంటే పదిహేను గ్రాముల పిండిపదార్థం, అంటే ఒక మామూలు అరటిపండులో సగం పైచిలుకు, తిని పావుగంట ఆగాలి. ఇంకో సంగతి, తీవ్రంగా చేసిన వెంటనే చక్కెర పెరిగినట్టు కనబడొచ్చు. అది అడ్రినలిన్ వల్ల. కంగారుపడి అదనంగా ఇన్సులిన్ వేసుకోవద్దని చెప్పండి, సాయంత్రానికి అదే పడిపోతుంది.

ఫారమ్‌లో లేని ప్రశ్నలు మరో నాలుగు నేను కలుపుతాను. ఇంట్లో యాభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా పోయారా? ఈమధ్య జ్వరం వచ్చిందా? డెంగీ, వైరల్ జ్వరం తగ్గిన వారంలో హిట్ చేయించకూడదు, గుండె కండరానికి వాపు ఉండే అవకాశం ఉంటుంది. కాన్పు ఎప్పుడైంది? పన్నెండు వారాలు కూడా కాకుండా పరుగులు, దూకుళ్లు వద్దు. ఆ తర్వాత కూడా దూకేటప్పుడు మూత్రం జారుతోందంటే అది 'మామూలే' అనకండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపి, ఈలోగా దూకని కదలికలివ్వండి. ఈ ప్రశ్న మగ ట్రైనర్ అడిగితే ఇబ్బందిగా ఉంటే, కాగితం మీద గడి పెట్టి వాళ్లనే నింపమనండి. నాలుగోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య సమస్య. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లలు పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం ఇలాంటి క్లాసులకి వస్తుంటారు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ లక్షణం, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు ఒక్కటే మోయడం (ట్రైట్), ఎక్కువ. ఆ లక్షణం మోస్తున్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. ఎండలో, నీళ్లు తాగకుండా, ఆపకుండా పూర్తి శక్తితో చేయిస్తే మాత్రం కుప్పకూలే ప్రమాదముంది. వాళ్లకి విరామం పెంచడం, మెల్లగా స్థాయి పెంచడం తప్పనిసరి.

ఇంకొక అంకె కూడా మనసులో పెట్టుకోండి. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకి మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53. చాలా ప్రాంతాలకంటే ముందే. మన క్లాసులో నలభై ఎనిమిదేళ్ల మనిషి సన్నగా ఉన్నంత మాత్రాన ధైర్యపడకూడదు.

తీవ్రతను కొలవడానికి చాలామంది 220 లోంచి వయసు తీసేస్తారు. నలభై ఐదేళ్లవాళ్లకి 175. వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేసే పద్ధతిలో 176.5 వస్తుంది, పెద్ద తేడా లేదు. అరవై ఏళ్లవాళ్లకి మాత్రం మొదటి లెక్కలో 160, రెండో లెక్కలో 166. ఏ లెక్కయినా అసలు మనిషికి పది, పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. పైగా ఇరవై సెకన్ల పనిలో గుండె వేగం వెనకబడి వస్తుంది. పని అయిపోయాక ఇంకా పెరుగుతుంది. అందుకని చిన్న రౌండ్లలో మాటే మీ మీటరు. పని చివర రెండు మూడు మాటలకంటే రాకూడదు. విరామం అయ్యేసరికి ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ మనిషికి తర్వాతి రౌండ్ లేదు, నడుస్తూ ఉండాలి. ఎంత కష్టంగా ఉందో వాళ్లే చెప్పే సున్నా నుంచి పది స్కేలులో మొదటి నెల ఏడు దాటనివ్వకండి.

ఇప్పుడు అసలైన చోటుకొద్దాం. విరామం నలభై సెకన్లలో ఇన్‌స్ట్రక్టర్ ఏం చేయాలి?

మొదటి పది సెకన్లు మీరు నోరు తెరవకండి. చూడండి. పెదవుల రంగు, చెమట ఆగిపోయిన మొహం, గోడను పట్టుకున్న చెయ్యి, ఒక్కసారిగా కింద కూర్చున్న మనిషి. కింద కూర్చున్నవాళ్లని లేపి నడిపించాలి. గట్టిగా చేసి ఠక్కున ఆపితే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, మెదడుకి తగ్గి కళ్లు తిరుగుతాయి. ఇప్పటికే కళ్లు తిరుగుతుంటే మాత్రం పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. తర్వాతి పదిహేను సెకన్లు ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి, ఒక్క దిద్దుబాటు చెప్పండి. ముట్టుకోవాల్సి వస్తే ముందు అడగండి. ఆ తర్వాతి పది సెకన్లు తర్వాతి కదలిక పేరు, ఒకసారి చేసి చూపించడం, దాని తేలిక రూపం. చివరి ఐదు సెకన్లు కౌంట్‌డౌన్. అంతే. పాఠాలు చెప్పే సమయం వార్మప్‌లో ఉంది.

పని సమయంలో మాటలు మూడు నాలుగు దాటకూడదు. "పిరుదుల కండరం బిగించి, మోకాలు రెండో కాలివేలి వరసలో పెట్టి..." అని చెబుతుంటే ఆయాసపడే మనిషికి ఏదీ ఎక్కదు. "నేలను తోయండి", "చప్పుడు లేకుండా దిగండి" అనండి. శరీరంలో భాగం పేరు చెప్పేకంటే బయట జరిగే ఫలితం మీద దృష్టి పెట్టిస్తే కదలిక బాగా వస్తుందని గాబ్రియేల్ వుల్ఫ్ వంటివారి పరిశోధనలు చెబుతున్నాయి. దిగేటప్పుడు చప్పుడు తగ్గమంటే మోకాలు తనంతట తానే వంగి బరువు తీసుకుంటుంది. వయసులో పెద్దవాళ్ల పేరు పెట్టి మైకులో తప్పు చెప్పకండి. "సార్, బాగుంది, కాస్త వెడల్పుగా" అని దగ్గరికెళ్లి చెబితే వింటారు, మళ్లీ వస్తారు.

బర్పీ, అంటే వంగి చేతులు నేల మీద పెట్టి, కాళ్లు వెనక్కి విసిరి, మళ్లీ లేచి దూకడం, మన క్లాసుల్లో ఎక్కువ పాడవుతున్న కదలిక, అందుకే కొంచెం ఆగి చూద్దాం. మొదటి వారం చేతులు నేల మీద పెట్టనివ్వకండి. మోకాలి ఎత్తు బెంచీ చాలు, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. చేతులు భుజాల కింద, ఒక కాలు వెనక్కి, రెండో కాలు వెనక్కి, ఒక క్షణం నిలకడ, మళ్లీ ఒక్కొక్కటీ ముందుకి, నిలబడటం. దూకడం లేదు. అది శుభ్రంగా ఎనిమిది వస్తే బెంచీ ఎత్తు సగానికి తగ్గించండి. తర్వాత నేల మీద, అప్పుడు కూడా కాళ్లు ఒక్కొక్కటిగానే. రెండు కాళ్లూ కలిపి వెనక్కి విసరడం నాలుగో మెట్టు. చివర పైకి దూకడం అన్నిటికంటే చివర.

తప్పులు ఎక్కడొస్తాయి? ఒకటి, కాళ్లు వెనక్కి విసరగానే నడుము నేలవైపు జారుతుంది. పొట్ట కండరం అలసిపోయిందని దాని అర్థం. అక్కడ ప్రోత్సాహం పనిచేయదు, ఒక మెట్టు వెనక్కి తీసుకెళ్లాలి. రెండు, లేచేటప్పుడు పాదాలు చేతులకి చాలా వెనకే ఆగిపోతాయి, దాంతో మనిషి వీపు వంచి నడుముతో లేస్తాడు. పాదాల్ని చేతులకి బయటవైపు, వెడల్పుగా పెట్టమంటే సగం సమస్య తీరిపోతుంది. మూడు, తల కిందికి పైకి మారుతూ ఉండటం వల్ల బీపీ మందులు వాడేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. వాళ్లకి బెంచీ మెట్టే శాశ్వతం, అందులో చిన్నతనం ఏమీ లేదు. లెక్క కూడా పెట్టండి. మొదటి రౌండులో ఆరు చేసిన మనిషి ఐదో రౌండులో నాలుగుకి పడితే ఆ కదలిక అక్కడితో చాలు. తబాటా 85 చుట్ల దగ్గర ఆపించింది ఇదే తర్కంతో.

నేల గురించి ఒక్క మాట. అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో గ్రానైట్, నున్నటి టైల్స్ ఉంటాయి. చెమట పడితే జారతాయి, జారకపోతే మడమకీ పిక్క ఎముకకీ దెబ్బ. రబ్బరు మ్యాట్ లేకుండా దూకుళ్లు పెట్టకండి.

ఇప్పుడు అందరికంటే ఎక్కువగా మొదటిరోజు వాళ్లకి వచ్చే ప్రమాదం చెబుతాను. రాబ్డోమయోలిసిస్. అలవాటు లేని కండరాన్ని ఒకే రోజు అతిగా వాడితే, ముఖ్యంగా స్క్వాట్లూ లంజెస్ లాంటి కిందికి దిగే కదలికలు వందల్లో చేయిస్తే, కండర కణాలు పగిలి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలకి వెళుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో తొడలు వాచి, మెట్లు దిగలేనంత బలహీనత, మూత్రం డికాషన్ రంగులో. అది మామూలు ఒళ్లునొప్పి కాదు. "వచ్చి ఇంకో క్లాస్ చెయ్యి, వదులైపోతుంది" అనడం నేరం. అదే రోజు ఆసుపత్రికి పంపాలి. నొప్పి బిళ్లలు వేసుకోవద్దని చెప్పాలి, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకి ఇంకా చేటు. కాబట్టి మొదటి క్లాసులో గట్టి పని మొత్తం కలిపి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, ఏ ఒక్క కదలికా ముప్పై దాటకుండా. మూడు నెలల విరామం తర్వాత తిరిగొచ్చిన పాత సభ్యుడికీ ఇదే. అతనికి పాత బలం గుర్తుంటుంది, కండరానికి అలవాటు పోయి ఉంటుంది.

ఎండాకాలం మన దగ్గర మరో కథ. మే నెల విజయవాడ, రామగుండం ఎండ తెలిసిందే. విశాఖ ఉక్కపోతలో అంకె తక్కువగా కనబడినా చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఏసీ లేని హాల్లో ఏప్రిల్ మొదట్లో స్థాయి తగ్గించి, వారం రెండు వారాల్లో మెల్లగా పెంచండి. పొంతన లేకుండా మాట్లాడటం, తూలడం కనబడితే వడదెబ్బ అనుకుని వెంటనే చల్లబరచండి. దొరికితే తొట్టిలో చల్లటి నీళ్లు, లేకపోతే ఐస్, తడిబట్టలు, ఫ్యాన్లు. చల్లబరచడం మొదలుపెట్టాకే తరలింపు.

కుప్పకూలిన మనిషి పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే ఒకరు 108కి ఫోన్, ఒకరు ఏఈడీకి పరుగు, మీరు ఛాతీ మీద. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు ఐదు నుంచి ఆరు సెంటీమీటర్లు, ముప్పై నొక్కులకి రెండు శ్వాసలు. ఎక్కిళ్లలా వచ్చే ఊపిరిని చూసి బతికే ఉన్నాడని ఆగొద్దు. ఎవరు ఫోన్, ఎవరు గేటు దగ్గర అంబులెన్స్ కోసం అన్నది నెలకోసారి సిబ్బందితో చేసి చూడండి.

సమయం ఉంది, ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేము కూడా వాళ్లతో పాటు చేయాలా? చేయకపోతే బద్ధకం అనుకుంటారు.

వార్మప్ చేయండి, ప్రతి కదలికా ఒకసారి చూపించండి. పూర్తి క్లాస్ చేయకండి. మీరే ఆయాసపడుతుంటే పక్కవాళ్ల ఆయాసం కనబడదు. పైగా రోజుకి నాలుగు క్లాసులు దూకితే పిక్క ఎముకలో సన్నటి పగుళ్లు వస్తాయి, గొంతు పోతుంది. హెడ్‌సెట్ మైక్ వాడండి, పాట శబ్దం మీ గొంతు కింద ఉండేలా తగ్గించండి.

ప్రశ్న: నెల ఫీజు కట్టాం, వారానికి ఆరు రోజులూ హిట్ కావాలంటున్నారు.

వారానికి రెండు, ఎక్కువంటే మూడు, మధ్యలో 48 గంటలు. మిగతా రోజులకి టైంటేబుల్లో బరువులు, నడక, మొబిలిటీ పెట్టండి. కాగితం మీద ఆరు రోజులూ నిండుగా కనబడితే ఎవరూ గొడవపడరు.

ప్రశ్న: అమెరికా, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి జూమ్‌లో క్లాసులు చెబుతున్నాం. అక్కడేం చూడాలి?

ముందు ఒక పట్టిక తయారు చేయండి: ప్రతి సభ్యుడి పూర్తి చిరునామా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబర్, ఆ ఊరి అత్యవసర నంబర్. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూఏఈలో అంబులెన్స్‌కి 998. మీరు హైదరాబాద్ నుంచి 911 కొడితే వాళ్ల ఊరికి వెళ్లదు, అందుకే ఇంట్లోవాళ్ల నంబర్ ముఖ్యం. ఒంటరిగా ఉన్నవాళ్లకి గదిలోకి ఎవరైనా వచ్చేదాకా దూకుళ్లు, బర్పీలు వద్దు. కెమెరా ఎదురుగా కాదు, పక్క నుంచి, నేలకి రెండడుగుల ఎత్తులో పెట్టించండి, నడుము వంపు అప్పుడే కనబడుతుంది. స్క్రీన్‌లో పన్నెండు మందికంటే ఎక్కువ ఉంటే మీరు చూడలేరు, బ్యాచ్ రెండుగా విడగొట్టండి. విరామంలో అందరి మైకులూ ఆన్ చేయించి, ఒక్కొక్కరితో ఒక వాక్యం మాట్లాడించండి.